గ్యాస్ బిళ్ల వేసే ముందు మంట యాడ పుట్టిందో చూద్దాం

ప్రశ్న: డాక్టరమ్మా, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మాయమ్మకి 54 ఏండ్లు. మోకాళ్ల నొప్పులు చాన్నాళ్ల నుంచి ఉండాయి. చేన్లో పని చేసిన రోజల్లా మెడికల్ షాపులో రెండు బిళ్లలు తెప్పించుకుంటాది, ఒకటి నొప్పికి, ఒకటి గ్యాస్‌కి. రెండేండ్లుగా ఇదే. ఇప్పుడు నెల నుంచి బొడ్డు పైన మంట, రెండు ముద్దలు తినగానే బరువుగా ఉంటాదంట, ఆకలి లేదు, మెట్లెక్కితే ఆయాసం. పది రోజుల కింద రెండు మూడు సార్లు దొడ్డికి తారు మాదిరి నల్లగా వచ్చిందని నిన్ననే చెప్పింది, సిగ్గుపడి ఇన్నాళ్లు చెప్పలేదు. గ్యాస్ బిళ్ల పవర్ పెంచితే సరిపోతుందా?
- ఒక కూతురు, అనంతపురం జిల్లా

జవాబు: తల్లీ, నీ ఉత్తరం చదివిన రోజే పత్రికవాళ్లతో నీకు ఫోన్ చేయించి అమ్మని ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పించినాను, ఇక్కడ రాసేది మిగతా ఇండ్లలో కూడా ఇదే జరుగుతుంటుంది కాబట్టి. తారు మాదిరి నల్లగా, జిగటగా, మామూలుగా రాని చెడ్డ వాసనతో వచ్చిందంటే లోపల పుండు నుంచి రక్తం కారి అది యాసిడ్‌తో కలిసి నల్లబడి కిందికి దిగిందని అనుకోవాల్సిందే. ఐరన్ బిళ్లలు వేసుకునేవాళ్లకి కూడా నల్లగా వస్తుంది గానీ అంత జిగట ఉండదు, ఆ వాసన ఉండదు. దానికి తోడు ఆయాసం అన్నావు, అది రక్తం తగ్గినందుకే అయ్యుండొచ్చు, హిమోగ్లోబిన్ చూస్తే అరగంటలో తెలిసిపోతుంది. ఇట్లాంటప్పుడు గ్యాస్ బిళ్ల పవర్ పెంచుకుంటూ ఇంట్లో కూర్చోవడం అంటే ప్రమాదం మీద దుప్పటి కప్పడమే.

ఇంక అసలు సంగతికొస్తా. నా దగ్గరికి వచ్చే పల్లె ఆడవాళ్లలో కడుపు మంట అనేవాళ్లని నేను మొదట అడిగేది కారం గురించి కాదు, నొప్పి బిళ్లల గురించి. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఇట్లాంటివి. మన కడుపు లోపలి గోడ మీద చీమిడి లాంటి ఒక పొర ఉంటుంది, యాసిడ్ గోడని తినేయకుండా అదే కాపాడుతుంది, ఆ పొర తయారవ్వాలంటే ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు కావాలి, ఈ నొప్పి బిళ్లలు నొప్పిని తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్లను ఆపే కదా, అంటే మోకాలికి మేలు చేసే పనే కడుపుకి కీడు చేస్తుంది. అందుకే "తిన్న తర్వాతే వేసుకుంటా కదమ్మా" అన్నా, "బిళ్ల వద్దని సూదే వేయించుకుంటున్నా" అన్నా పూర్తి రక్షణ లేదు, మందు రక్తంలో కలిసి ఎట్లైనా ఆ పొర దాకా పోతుంది. పక్కన గ్యాస్ బిళ్ల వేసుకుంటే పుండు పడే అవకాశం తగ్గే మాట నిజమే, కానీ రోజు మార్చి రోజు, గుర్తొచ్చినప్పుడు ఒకటి అన్నట్టు వేసుకుంటే ఆ రక్షణ కూడా సగమే. పైగా మంట తెలియకుండా పోతుంది కాబట్టి పుండు పెద్దదయ్యేదాకా మనిషికి తెలియదు.

మీ జిల్లాలో ఇంకో సంగతి ఉంది. చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, ఏండ్ల తరబడి తాగితే ఎముకల్లో చేరి కీళ్లు బిగుసుకుంటాయి, నడుం వంగదు. ఆ ఒళ్లుతోనే చెనక్కాయ చేన్లో కలుపు తీయాలి, కాయ పీకాలి, కూర్చోని కొట్టాలి. మరి నొప్పి బిళ్ల లేకుండా ఆ తల్లులు పనికెట్ల పోతారు? కాబట్టి మీ అమ్మని తిట్టొద్దు, ఇదేం ఆమె తప్పు కాదు.

ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేస్తామంటారు, భయపడకండి. ముందు రాత్రి తిని పొద్దున ఏమీ తినకుండా పోవాలి, గొంతులో మొద్దుబారే మందు కొడతారు, వేలంత లావు పైపు నోట్లోంచి కడుపులోకి దించి లోపల చూస్తారు, పది నిమిషాల్లో అయిపోతుంది, వాంతి వచ్చేటట్టు ఉంటుంది గానీ నొప్పి ఉండదు. పుండు ఉంటే అప్పుడే చిన్న ముక్క తీసి హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి ఉందేమో చూస్తారు, ఎందుకంటే ఆ క్రిమీ నొప్పి బిళ్లా రెండూ కలిస్తే ముప్పు ఇంకా ఎక్కువ. కడుపులో పుండుకి సాధారణంగా 8 వారాలు యాసిడ్ తగ్గించే మందు రోజూ, ఒక్కరోజు కూడా తప్పకుండా వాడాలి. నొప్పి బిళ్ల మాత్రం ఆ రోజు నుంచే బంద్.

మోకాళ్లకి ఏం చేయాలంటావేమో. పారాసిటమాల్ కడుపుని ఇంతగా కాల్చదు, 650 బిళ్ల రోజుకి మూడుకి మించకుండా, లివరు జబ్బు లేకపోతే వాడొచ్చు. పైన రాసుకునే జెల్ కొంత పని చేస్తుంది, రక్తంలోకి పోయేది చాలా తక్కువ. కుర్చీలో కూర్చోని కాలు నేరుగా చాపి పదంకెలు లెక్కపెట్టి దించడం, పూటకి పదిహేను సార్లు, ఇది నెల చేస్తే తొడ కండ బలపడి మోకాలి మీద బరువు తగ్గుతుంది. వినడానికి చిన్నదే గానీ చేసినవాళ్లు వచ్చి చెప్తుంటారు నాకు. ఇంకొకటి, గుండెకని ఎవరైనా డాక్టరు ఆస్పిరిన్ రాసి ఉంటే అది మీ అంతట మీరు ఆపొద్దు, కడుపు సంగతి ఆ డాక్టరుకే చెప్పండి.

దొడ్డికి ఏ రంగులో వచ్చిందో చెప్పడానికి మన ఇండ్లలో అమ్మలకి సిగ్గు. కూతుర్లే అడగాలి.

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 34. ప్రొద్దుటూరులో బట్టల షాపులో సేల్స్‌లో చేస్తా. పొద్దున పదికి పోతే రాత్రి తొమ్మిదిన్నర. మధ్యాహ్నం లోపల నాలుగు టీలు, అన్నం మూడున్నరకి, రాత్రి ఇంటికి పోయి పదిన్నరకి తిని పడుకుంటా. మూడేండ్ల నుంచి పుల్ల తేపులు, ఎదలో మంట, పడుకుంటే గొంతు దాకా పులుపు వస్తుంది. పాంటాప్రజోల్, డోమ్‌పెరిడోన్ కలిసిన క్యాప్సూల్ రోజూ వేసుకుంటున్నా. మానేస్తే మూడో రోజుకే ముందుకన్నా ఎక్కువ మంట. అలవాటు పడిపోయానా? కిడ్నీలు పోతాయని ఫ్రెండు భయపెట్టినాడు. కారం దోశ మొత్తం మానాలా?
- పేరు వద్దు, కడప జిల్లా

జవాబు: తమ్ముడూ, నీ ప్రశ్నలన్నిటికీ జవాబు నీ టైమ్ టేబుల్‌లోనే ఉంది, అయినా మందు నుంచే మొదలుపెడతా, ఎందుకంటే మూడేండ్లు వాడినా సరిగ్గా వాడినట్టు లేదు నువ్వు. ఎప్పుడు వేసుకుంటావో రాయలేదు గానీ షాపులో పని చేసేవాళ్లు ఎక్కువమంది మంట వచ్చినాకో, అన్నం తిన్నాకో వేసుకుంటారు. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ ఈ జాతి మందులన్నీ కడుపులో యాసిడ్ తోడే పంపుల్ని ఆపుతాయి, అదీ పని చేస్తున్న పంపుల్నే, నిద్రపోతున్న పంపు జోలికి పోవు. పంపులు లేచేది మనం తిన్నప్పుడు. అందుకే పరగడుపున వేసుకొని అరగంట, ముప్పావుగంట ఆగి తినాలి, అప్పుడు మందు రక్తంలో రెడీగా ఉంటుంది. తినేసినాక వేసుకుంటే దొంగ పోయినాక తలుపేసినట్టే. పూర్తి గుణం కనపడడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది కూడా, మంట వచ్చినప్పుడు ఒకటి మింగి పది నిమిషాల్లో తగ్గాలంటే అది ఈ మందు పని కాదు, దానికి యాంటాసిడ్ సిరప్ ఉంది.

మానేస్తే మంట ఎక్కువవడం గురించి. ఇది అలవాటు కాదు, మత్తుమందు లాంటిది కాదు. ఏండ్ల తరబడి యాసిడ్ తగ్గించి పెడితే ఒళ్లు ఊరుకోదు, గాస్ట్రిన్ అనే హార్మోను పెంచి యాసిడ్ కణాల్ని పెంచుకుంటుంది, నువ్వు ఒక్కసారిగా ఆపితే అవన్నీ ఒకేసారి మీద పడతాయి, కొన్ని వారాలు అట్లనే ఉండి సర్దుకుంటాయి. నీకు మూడో రోజు వచ్చింది ఆ మంటే అయ్యుండొచ్చు, జబ్బు ముదిరిందని భయపడి మళ్లీ మొదలుపెట్టినావు. చాలామంది జీవితాంతం ఇరుక్కునేది ఈడే. ఆపాలంటే మీ డాక్టరుతో మాట్లాడి రోజు మార్చి రోజు కొన్ని వారాలు, తర్వాత మూడు రోజులకొకటి, మధ్యలో మంట వస్తే సిరప్ రెండు చెంచాలు, రాత్రి బాగా ఇబ్బందైతే ఫామోటిడిన్ అనే ఇంకో రకం యాసిడ్ మాత్ర, ఇట్ల మెల్లగా దిగాలి. అయితే ముందు నీ తిండి వేళలు మార్చినాకే మొదలుపెట్టు, లేకపోతే ఓడిపోతావు.

కిడ్నీ సంగతి: చాలా అరుదుగా కొందరికి ఈ మందులతో కిడ్నీలో వాపు వస్తుంది, అంతేగానీ వేసుకున్న ప్రతివాడి కిడ్నీలు పోతాయనడం తప్పు. ఏండ్ల కొద్దీ వాడేవాళ్లకి బీ12, మెగ్నీషియం తగ్గొచ్చు, పెద్ద వయసులో ఎముకలు బలహీనపడొచ్చు. ఒకసారి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), బీ12 చూపించుకో, పెద్ద ఖర్చు కాదు. నాకు ఎక్కువ బాధ నీ క్యాప్సూల్‌లో ఉన్న రెండో మందు గురించి. డోమ్‌పెరిడోన్ వాంతికి, కడుపు కదలికకి కొన్ని రోజులు వాడే మందు, గుండె లయ మీద ప్రభావం ఉందని 2014లోనే యూరప్ మందుల నియంత్రణ సంస్థ మామూలుగా వారం దాటకూడదని చెప్పింది. మన దగ్గర మాత్రం రెండూ కలిపిన క్యాప్సూల్‌ని ఏండ్లకేండ్లు తినేస్తున్నారు, కొందరు ఆడవాళ్లకి నెలసరి తప్పడం, బిడ్డ లేకుండానే పాలు రావడం కూడా చూసినా. నీకు మందు కావాలంటే ఒంటి పాంటాప్రజోల్ చాలు కదా అని మీ డాక్టరుని అడుగు.

ఇంక కారం దోశ. మీ ఊర్లో పుట్టి ఎర్రకారం పూసిన దోశ మానమంటే ఎవరు వింటారు? నిజం చెప్పాలంటే కారం వల్ల పుండు పడదు. చాలా ఏండ్లు ప్రపంచమంతా కారం, దిగులు వల్లే అల్సర్లు అనుకునింది, ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అని ఇద్దరు డాక్టర్లు 1980ల మొదట్లో ఒక వంకర క్రిమిని పట్టుకొని దీనివల్లే అన్నారు, ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రావణం తానే తాగేసి వారం పదిరోజుల్లో కడుపు వాపు తెచ్చుకొని చూపించినాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చినారు. ఆ క్రిమే పైలోరీ. మన దేశంలో పెద్దవాళ్లలో సగం మందికి పైనే ఉంటుంది, చిన్నప్పుడే ఇంట్లోవాళ్ల నుంచి వస్తుంది, ఎక్కువమందికి ఏ బాధా పెట్టదు. కాబట్టి కారం పుండు పెట్టదు, కానీ అప్పటికే ఎర్రగా ఉన్న గోడ మీద పడితే మండిస్తుంది, గొంతులోకి వచ్చే రోగం ఉంటే నూనె, కారం రెండూ కలిసి ఇబ్బంది పెడతాయి. రెండు నెలలు ఆ ఎర్రకారం పల్చగా పూయించుకో, రాత్రి పూట అసలొద్దు, తగ్గినాక ఆదివారం పొద్దున తిను, ఎవరూ ఏమీ అనరు.

నిన్ను ఎక్కువ దెబ్బతీసేది రాత్రి పదిన్నర అన్నం. తిన్న కడుపు ఖాళీ కావడానికి మూడు గంటలు కావాలి, నువ్వు నిండు కడుపుతో పడుకుంటే మూత తీసిన బిందెని అడ్డంగా పెట్టినట్టు, అన్నవాహిక కింద ఉండే కవాటం వదులైతే అంతా పైకి కారుతుంది. షాపు టైము నీ చేతిలో లేదు, నాకు తెలుసు, పండగ సీజన్లో అయితే కూర్చోనియ్యరు కూడా. అందుకని తిండిని ముందుకు జరుపుకో. సాయంత్రం ఏడుకి, కస్టమర్లు తగ్గినప్పుడు, డబ్బాలో తెచ్చుకున్న జొన్న రొట్టె, పప్పు, లేకపోతే పెరుగన్నం తినేయ్, అదే నీ రాత్రి భోజనం, ఇంటికి పోయినాక గ్లాసు పల్చటి మజ్జిగ చాలు. మధ్యాహ్నం మూడున్నర దాకా ఆగకుండా పన్నెండుకి బొరుగులైనా అరటిపండైనా పడాలి. టీలు నాలుగు నుంచి రెండు చేసుకో, పరగడుపు టీ మానెయ్. మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టి అర అడుగు లేపు, దిండ్లు రెండు పెట్టుకుంటే మెడే వంగుతుంది గానీ పని జరగదు, ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే పులుపు పైకి రావడం తగ్గుతుంది. పొట్ట ఉంటే నాలుగైదు కిలోలు తగ్గినా తేడా నీకే తెలుస్తుంది. గుట్కా, ఖైనీ, సిగరెట్, మందు ఏదైనా ఉంటే నేను చెప్పక్కర్లేదు.

ఇవన్నీ చేసి రెండు నెలలకీ తగ్గకపోతే ఎండోస్కోపీ, పైలోరీ పరీక్ష చేయించు. ఒక్కటి గుర్తుపెట్టుకో, మలం పరీక్షయినా, ఊపిరి పరీక్షయినా పాంటాప్రజోల్ రెండు వారాలు ఆపినాకే చేయించాలి, వాడుతూ చేయిస్తే క్రిమి ఉన్నా లేదని వస్తుంది. ఉందని తేలితే 14 రోజుల కోర్సు, రెండు మూడు యాంటీబయాటిక్స్, యాసిడ్ మందు కలిపి. నోరు చేదు, కడుపు గడబిడ ఉంటుంది, అయినా ఒక్క పూట తప్పొద్దు, సగంలో ఆపితే క్రిమి మొండికేస్తుంది, మళ్లీ ఆ మందులు పని చేయవు. ఆ కోర్సులో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఉంటే ఆ రోజులు మద్యం తాగడం అసలు కుదరదు. బిస్మత్ అనే మందు ఉంటే నాలుక, దొడ్డి నల్లబడతాయి, అది రక్తం కాదు, కంగారొద్దు. కోర్సు అయిపోయిన నెలకి క్రిమి పోయిందో లేదో మళ్లీ పరీక్ష. మెడికల్ షాపులో కిట్టు అడిగి తెచ్చుకోవడం మాత్రం వద్దు తమ్ముడూ.

ప్రశ్న: మాది ఆదోని, నా వయసు 29, స్కూల్లో టీచర్ని. ఆరు నెలల నుంచి తినగానే కడుపు ఉబ్బరం, నాలుగు ముద్దలకే నిండిపోతుంది. ఎండోస్కోపీ, స్కానింగ్ అన్నీ నార్మల్. ఏమీ లేదు, ఎక్కువ ఆలోచిస్తున్నావు అని పంపించేసినారు. మా అత్త కూడా అదే అంటుంది. నాకు నిజంగానే బాధ ఉంది మేడమ్.
- ఒక చెల్లెలు

జవాబు: ఉంది చెల్లీ, నేను నమ్ముతున్నా. ఎండోస్కోపీ గోడని చూస్తుంది, గోడ ఎట్ల కదులుతుందో, నరాలకి ఎంత సున్నితంగా ఉందో చూడలేదు. నీ జబ్బుకి పేరుంది, ఫంక్షనల్ డిస్పెప్సియా అంటారు, తిన్నది పట్టుకోడానికి కడుపు పైభాగం సాగాల్సినంత సాగదు, మామూలు సాగుడే నొప్పిగా తెలుస్తుంది. పుండు లేదు కాబట్టి ప్రమాదం లేదు, కానీ "ఏమీ లేదు" అనే మాట తప్పు. పైలోరీ పరీక్ష చేసినారో లేదో ఆ రిపోర్టులో చూడు, చేయకపోతే చేయించు, ఈ జబ్బులో కొంతమందికి ఆ క్రిమి పోయినాక మెల్లగా తగ్గుతుంది. లేకపోతే నెల, రెండు నెలలు యాసిడ్ మందు, దానికీ తగ్గకపోతే అమిట్రిప్టిలిన్ అనే మందు చాలా తక్కువ డోసులో రాత్రి ఇస్తారు. అది డిప్రెషన్ మందని షాపతను అంటే భయపడొద్దు, ఈ డోసులో అది కడుపు నరాల్ని చల్లబరచడానికి. మీ అత్తకి కూడా ఈ ముక్క చదివి వినిపించు.

తినడం మూడు పెద్ద పూటల బదులు ఐదు చిన్న పూటలు చేసుకో. పొద్దున ఉగ్గాని తింటావేమో, తిను, పక్కన మిరపకాయ బజ్జీలు వద్దు, నూనె కడుపులోంచి తొందరగా కదలదు. సంగటి మెత్తగా, సగం ముద్ద. అలసందలు, శనగలు ఉబ్బరం పెంచుతున్నాయా లేదా అని పదిహేను రోజులు ఒక నోటుబుక్కులో రాసుకొని చూడు, ఒకరికి పడనిది ఇంకొకరికి పడుతుంది, ఊర్లో వాళ్లు చెప్పినవన్నీ మానేసి చిక్కిపోవద్దు. బరువు తగ్గుతున్నా, వాంతులు ఆగకపోయినా మళ్లీ డాక్టరు దగ్గరికి పో.

ప్రశ్న: డాక్టరమ్మకి నమస్కారం. కర్నూలు. వయసు 61, షుగర్, బీపీ ఉన్నాయి. రాత్రి పూట ఎదలో గ్యాస్ పట్టేస్తుంది, సోడా తాగినా, ఈనో కలుపుకున్నా తేపు వచ్చి తగ్గుతుంది. ఈ మధ్య నడిచినప్పుడు కూడా పడుతోంది. పాలు తాగితే మంచిదా?
- రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: అన్నా, పాల సంగతి తర్వాత. నడిస్తే పట్టేసి నిలబడితే తగ్గేది గ్యాస్ అని నేను ఒప్పుకోను, గుండె కాదని తేలేదాకా అది గుండే. షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి గుండె నొప్పి నొప్పిగా తెలియదు, ఉబ్బరంగా, బరువుగా, తేపులు వచ్చినట్టుగా ఉండొచ్చు, తేపు వచ్చి తగ్గింది కాబట్టి గ్యాసే అనుకోవడం ఎంతమంది ప్రాణం తీసిందో. మీరు రేపు పొద్దునే, వాకింగ్‌కి పోకుండా, ఈసీజీ తీయించుకోండి, అది నార్మల్ వచ్చినా ఊరుకోకుండా ఎకో అనే గుండె స్కానింగ్, ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే పరీక్ష అవసరమా అని గుండె డాక్టరుని అడగండి. దానికంటే ముందే ఏ రాత్రైనా చెమట పట్టి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకి, పది పదిహేను నిమిషాలకీ తగ్గకపోతే సోడా కోసం ఎవరినీ పంపొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఈనోలో ఉండేది సోడా ఉప్పు, బీపీ ఉన్న మీకు రోజూ అంత ఉప్పు మంచిది కాదు. సోడా తేపు తెప్పిస్తుంది గానీ కడుపుని ఉబ్బించే తెప్పిస్తుంది. పాలు తాగిన పది నిమిషాలు చల్లగా ఉంటుంది, గంటకి అందులోని కాల్షియం, ప్రోటీన్ వల్ల యాసిడ్ ఇంకా ఊరుతుంది, పడుకునే ముందు అసలొద్దు. థైరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటుంటే యాంటాసిడ్‌కి, దానికి నాలుగు గంటల తేడా పెట్టండి. గుండె బాగుందని డాక్టరు చెప్పినాక ఆ రిపోర్టు, మీరు వాడే మాత్రల చీటీ రెండూ కలిపి పంపండి, మీ కడుపు సంగతి అప్పుడు చూస్తా.